అప్పాపురం టీచరమ్మకు డెబ్బై నిండాయి

1955 జనవరి 12న, భోగి మంటలు ఇంకా రాజుకోకముందే హాళ్లలోకి దిగిన ‘మిస్సమ్మ’కు 2025 సంక్రాంతితో డెబ్బై ఏళ్లు నిండాయి. మన ఇళ్లలో డెబ్బై నిండినవాళ్లకు భీమరథ శాంతి చేసి, కొత్త బట్టలు పెట్టి, పిల్లలందరినీ వరసగా కాళ్లకు దణ్ణం పెట్టమంటాం. ఈవిడ దగ్గర అదొక్కటే కుదరదు. అసలే ముక్కు మీద కోపం. వంగామంటే చాలు, దణ్ణానికి కాదు, కుడి కాలి మీద పుట్టుమచ్చ ఉందో లేదో చూడ్డానికే వంగారనుకుంటుంది. డిటెక్టివ్ రాజు పెట్టిన ఇబ్బంది అది. కాబట్టి దూరం నుంచే నమస్కారం.

కథ తెలియని తెలుగిల్లు తక్కువే అయినా, కొత్త అల్లుళ్ల కోసం రెండు ముక్కలు. అప్పాపురం జమీందారు గోపాలం గారు తన బడికి పంతులూ పంతులమ్మా కావాలంటారు. ఇద్దరూ బి.ఏ. చదివి ఉండాలి, ఇద్దరూ మొగుడూ పెళ్లాలై ఉండాలి. చదువుండీ పని దొరకని ఎం.టి. రావు, తండ్రి చేసిన అప్పు తీర్చకపోతే డేవిడ్‌ను కట్టుకోవాల్సి వచ్చే మేరీ, దంపతులమని చెప్పుకుని బయల్దేరతారు. అతను హిందువు, ఆమె క్రైస్తవురాలు. వెంట దేవయ్యగా రేలంగి. ఆ మనిషికి ‘తైలం’, అంటే డబ్బు, చేతిలో పడితే చాలు, లోకం చల్లగా ఉన్నట్టే.

ఇలాంటి కథల్లో మామూలుగా అనుమానప్పక్షి ఒకడుంటాడు. తలుపు చాటునుంచి వింటాడు, ఉత్తరాలు చింపి చదువుతాడు. ‘మిస్సమ్మ’లో డిటెక్టివ్ రాజు ఉన్నా, అతను వెతికేది జమీందారు గారి తప్పిపోయిన కూతురి పుట్టుమచ్చను; దొంగ దంపతుల గుట్టు లాగే పని ఎవరికీ అప్పగించలేదు. జమీందారు దంపతులకు ఎవర్నీ అనుమానించడమే చేతకాదు. చిన్నప్పుడు తప్పిపోయిన పెద్ద కూతురు మహాలక్ష్మి పేరుతో బడి నడుపుకుంటున్నవాళ్లు, ఆ ప్రేమంతా తెచ్చి టీచరమ్మ మీద కుమ్మరిస్తారు. దొంగ మొగుడూ పెళ్లాలకు ఎక్కడ దొరికిపోతామోనన్న భయం కంటే ఈ మంచితనమే పెద్ద గండం. వాళ్లు ఒక మెట్టు ఆదరిస్తే వీళ్లు ఇంకో అబద్ధం ఎక్కాలి. డెబ్బై ఏళ్లుగా ఈ సినిమా పాతబడకపోవడానికి నాకు తోచిన కారణం ఇదే.

సీమంతం ఘట్టాన్ని ఈసారి కాస్త నిదానంగా చూడండి. పెళ్లే కాని పిల్లను, అందులోనూ మేరీమాతను కొలిచే పిల్లను, కూచోబెట్టి పేరంటం చేస్తారు. పాట జానకీదేవి సీమంతం మీద. పాడేవాళ్ల ముఖాల్లో ఎక్కడా వెటకారం లేదు, అచ్చమైన సంబరం. మధ్యలో మేరీగా సావిత్రి. లేచి పోదామన్న కోపం ఒకపక్క, పోతే ఉద్యోగం ఊడుతుందన్న లెక్క ఒకపక్క, ఇంత మంచివాళ్లను నొప్పించలేని మొహమాటం మరోపక్క. మాట ఒక్కటి పలకదు. ఇవాళైతే ఆ చోట నలుగురు కమెడియన్లు పడి ఆరు పంచ్‌లు వేసి, వెనక ఒక సౌండు కూడా కలిపేవారు.

ఆ సావిత్రికి అప్పటికి ఇరవై ఏళ్లు, అటూ ఇటూ. నిజానికి ఆమెకు మొదట ఇచ్చింది చెల్లెలు సీత వేషం. మిస్సమ్మగా భానుమతి కొన్ని రీళ్లు నటించారు కూడా. ఓ వరలక్ష్మీ వ్రతం రోజు సెట్‌కు ఆలస్యంగా రావడంతో నిర్మాత చక్రపాణికీ ఆవిడకూ మాట పట్టింపు వచ్చిందని, ఇద్దరిలో ఎవరూ తగ్గలేదని చెబుతారు. సావిత్రి పైమెట్టుకు వెళ్లింది, సీత వేషం జమునకు దక్కింది. అత్తగారి కథలు రాసిన భానుమతి చేతిలో మేరీ కోపం ఎలా ఉండేదోనని నాకిప్పటికీ కుతూహలమే. హడలిపోయేవాళ్లమేమో.

రంగారావు గారి సంగతి మరీ విడ్డూరం. నాలుగేళ్ల కిందట ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడై పిల్లల్ని జడిపించిన మనిషి, ఇక్కడ జమీందారు గోపాలంగా పంచె కట్టుకుని, ఎదిగిన కూతురి కోసం బెంగపెట్టుకున్న తండ్రి. వయసు చూస్తే ముప్ఫై ఆరు! పక్కన ఋష్యేంద్రమణి. ఆ జంట తెర మీదకు రాగానే మనింట్లో పెద్దవాళ్లెవరో వచ్చినట్టు కాళ్లు ముడుచుకు కూచోబుద్ధేస్తుంది. ఇక ‘దేవదాసు’తో ఊరంతటినీ ఏడిపించి రెండేళ్లు తిరక్కముందే, కథానాయకుడు కూడా కాని డిటెక్టివ్ వేషానికి ఒప్పుకున్న నాగేశ్వరరావు ధైర్యానికి వేరే శాలువా కప్పాలి. ముద్ర పోగొట్టుకోవడానికే ఒప్పుకున్నారట. పోయింది కూడా.

ఈ విందు వండింది విజయా వారు. అంతకుముందు ఏడాది ‘చంద్రహారం’ దెబ్బతీసింది. అప్పుడు తెనాలి చక్రపాణి బెంగాలీ పెట్టె తెరిచారు. రవీంద్రనాథ్ మైత్రా రాసిన ‘మన్మయీ గర్ల్స్ స్కూల్’ను తెచ్చి, ఎల్వీ ప్రసాద్ చేతిలో పెట్టి, పింగళి చేత మాటలూ పాటలూ రాయించి, సాలూరి చేత స్వరం కట్టించి, బెంగాలీ వాసన బొత్తిగా తగలకుండా దించేశారు. అదే సంక్రాంతికి తమిళంలో ‘మిస్సియమ్మ’. 1957లో హిందీలో ‘మిస్ మేరీ’, మీనాకుమారితో. బృందావనం పాట బాణీ హిందీకీ వెళ్లింది.

పండగపూట అయినా ఒక మాట అనక తప్పదు. రావుకీ మేరీకీ మధ్య ఉన్న మతం చిక్కును కథ విప్పలేదు, పుట్టుమచ్చ చూపించి పక్కకు తప్పుకుంది. మేరీ పుట్టుకతో మహాలక్ష్మే అయిపోవడంతో అందరికీ ప్రాణం హాయి. 1955లో అంతకు మించి అడగడం అత్యాశేమో. అడిగి ఉంటే ఎలా ఉండేదోనన్న ఆలోచన మాత్రం చివరి రీలు దగ్గర ప్రతిసారీ కదులుతుంది. అయినా ఆ కాలపు సినిమా మేరీ ప్రార్థనను ఎగతాళి చేయలేదు. ఆ పాటను ఎంత భక్తిగా తీశారో చూస్తే తెలుస్తుంది.

మార్కస్ బార్ట్‌లీ కెమెరాలో పండిన వెన్నెల మాత్రం అలాగే ఉంది. ఏ.ఎం. రాజా, పి.లీల గొంతులతో ఇద్దరూ ఒకరి మీద ఒకరు చందమామకు చాడీలు చెప్పుకుంటుంటే, మొగుడు పెళ్లాం మీదా పెళ్లాం మొగుడి మీదా చుట్టాలకు ఫిర్యాదు చేసే మన వాడుక అంతా అందులో కనిపిస్తుంది. కాకపోతే వీళ్లకింకా పెళ్లి కాలేదు.

సినిమా మూడు గంటలు. భోగి రాత్రి భోజనాలు కాగానే మొదలెడితే పిల్లలు సగంలో నిద్రపోతారు. మధ్యాహ్నం మేలు, అరిసెల డబ్బా దగ్గర పెట్టుకుని. మర్నాటికి ‘పెళ్లి చేసి చూడు’ (1952), కనుమకు ‘గుండమ్మ కథ’ (1962). ‘అప్పు చేసి పప్పు కూడు’ (1959) అల్లుళ్లు వెళ్లిపోయాక చూసుకోవచ్చు, పండగ ఖర్చు లెక్కలు చూసుకునే పూట.