అయిదొందల డాలర్ల బాండు... లక్ష మంది కూర్చునే స్టేడియం

మిషిగన్‌లో ఉంటున్న మనవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, ఆన్ ఆర్బర్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న శనివారం ఆ వైపు కారు తీయాలంటే భయం. ఊరి జనాభా సుమారు లక్షా ఇరవై వేలు. స్టేడియంలో సీట్లు 1,07,601. అంటే ఊరు మొత్తం ఒకచోట కూర్చున్నట్టే! ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాలేనండోయ్, మనం చిన్నప్పుడు కాలితో తన్నిన బంతి కాదు.

ఇండియాలో చదువుకుని వచ్చినవాళ్లకి ఇది ఒక పట్టాన కొరుకుడు పడదు. కాలేజీ కుర్రాళ్ల ఆటకి లక్ష మందేమిటి? ఆ స్టేడియం ఎవరి డబ్బుతో కట్టారు? పన్నుల డబ్బా, పిల్లల ఫీజులా? రెండూ కాదు. జనం దగ్గర అప్పు తీసుకుని, టికెట్ల మీద వచ్చే డబ్బుతో తీరుస్తామని బాండ్లు అమ్మి కట్టారు. ఆ ఆలోచనని పట్టుబట్టి నడిపించినవాడి పేరు ఫీల్డింగ్ యోస్ట్. ఈనాటి అమెరికన్ కాలేజీల అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్లు డబ్బు తెచ్చే పద్ధతిలో, ఖర్చు పెట్టే పద్ధతిలో ఆయన చేతిరాత ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. అందులో మెచ్చుకోవాల్సిందీ ఉంది, మింగుడు పడనిదీ ఉంది.

యోస్ట్ 1871 ఏప్రిల్ 30న వెస్ట్ వర్జీనియాలోని ఫెయిర్‌వ్యూ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యంలో పనిచేసినవాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. యోస్ట్ వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీలో లా చదువుతూ ఫుట్‌బాల్ ఆడేవాడు. 1896లో ఒక తమాషా జరిగింది. పెన్సిల్వేనియాలోని లఫయెట్ కాలేజీకి పెద్ద మ్యాచ్ ఉంది. అవతలి జట్టు పెన్, వరసగా 36 మ్యాచ్‌లు గెలిచి ఊపు మీదుంది. సరిగ్గా ఆ సమయానికి మన యోస్ట్‌కి లఫయెట్‌లో చదవాలని బుద్ధి పుట్టింది! చేరాడు, ఆడాడు, లఫయెట్ 6-4తో గెలిచింది, పెన్ జైత్రయాత్ర ఆగిపోయింది. ఆ వెంటనే చదువు మీద మనసు మళ్లీ వెస్ట్ వర్జీనియాకి తిరిగింది. 1897లో అక్కడే లా పట్టా పుచ్చుకున్నాడు. కాలేజీ ఆటల్లో అద్దె ఆటగాళ్లంటే ఏమిటో ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

ఆ తర్వాత నాలుగేళ్లలో నాలుగు చోట్ల కోచ్‌గా పనిచేశాడు. 1897లో ఒహాయో వెస్లియన్, మరుసటి ఏడాది నెబ్రాస్కా, 1899లో కాన్సాస్, 1900లో స్టాన్‌ఫర్డ్. తమ దగ్గర చదివినవాళ్లే కోచ్‌లుగా ఉండాలని స్టాన్‌ఫర్డ్ నిర్ణయించుకోవడంతో యోస్ట్ మళ్లీ రోడ్డున పడ్డాడు. అప్పుడు మిషిగన్ అథ్లెటిక్ డైరెక్టర్ చార్లెస్ బెయిర్డ్ కబురు పంపాడు. జీతం పది వారాలకి 2,300 డాలర్లు. ఆ రోజుల్లో ఒక ప్రొఫెసర్‌కి ఏడాదంతా పాఠాలు చెబితే వచ్చేది ఇంచుమించు అంతే. కోచ్ జీతమా, ప్రొఫెసర్ జీతమా అనే తగువు నిన్న మొన్నటిది కాదన్నమాట.

1901లో మిషిగన్ జట్టు 550 పాయింట్లు చేసింది. అవతలివాళ్లు ఎంత చేశారంటే సున్నా. ఆ సీజన్‌కి ముగింపుగా 1902 జనవరి 1న కాలిఫోర్నియాలోని పసడీనాలో మొట్టమొదటి రోజ్ బౌల్ మ్యాచ్ ఆడారు. ప్రత్యర్థి ఎవరనుకున్నారు? స్టాన్‌ఫర్డే. 49-0 దగ్గర, ఇంకా ఎనిమిది నిమిషాలు ఉండగానే స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఇక చాలన్నారు. 1901 నుంచి 1905 వరకు యోస్ట్ జట్లు 55 గెలిచి, ఒకటి డ్రా చేసుకుని, ఒక్కటంటే ఒక్కటి ఓడాయి. నిమిషానికో పాయింటు చేసే జట్టని పేరొచ్చింది. మైదానంలో ఎప్పుడూ తొందర, తొందర అని అరుస్తుంటాడని ఆయనకి 'హరీ అప్' యోస్ట్ అని ముద్దుపేరు పడింది. మిషిగన్‌ని ఆయన మీషిగన్ అని సాగదీసి పలికేవాడట. ఆ యాసని ఇప్పటికీ అక్కడి అభిమానులు అనుకరిస్తుంటారు.

గెలుపుతోపాటు డబ్బు, డబ్బుతోపాటు అనుమానాలు వచ్చాయి. 1905లో కోలియర్స్ పత్రికలో ఎడ్వర్డ్ జోర్డాన్ అనే రచయిత మిడ్‌వెస్ట్ యూనివర్సిటీలు గెలుపుల్ని ఎలా కొనుక్కుంటున్నాయో వరస వ్యాసాలు రాశాడు. మిషిగన్ పేరూ అందులో ఉంది. అదే ఏడాది మైదానాల్లో కుర్రాళ్లు చనిపోతుండటంతో దేశమంతా గొడవైంది. 1906లో మిషిగన్ ప్రెసిడెంట్ జేమ్స్ ఏంజెల్ చొరవతో యూనివర్సిటీలు కూర్చుని ఆటకి కళ్లెం వేశాయి. సీజన్‌కి అయిదు మ్యాచ్‌లే, ఆటగాడికి మూడేళ్లే అవకాశం, కోచ్ కూడా అధ్యాపకుల జీతం స్థాయిలో యూనివర్సిటీ నియమించిన మనిషే అయి ఉండాలి. సీజన్‌కి పది వారాలు పనిచేసి, మిగతా కాలం టెన్నెసీలో వ్యాపారాలు చూసుకునే యోస్ట్‌కి ఇది సరిపడుతుందా? తమ ప్రెసిడెంటే పెట్టించిన కట్టుబాట్లు నచ్చక మిషిగన్ ఆ కాన్ఫరెన్స్ నుంచే బయటికి నడిచి, 1917లో గానీ తిరిగి రాలేదు. ఈ పోరులో తప్పెవరిదని నన్నడిగితే ఏంజెల్ వైపే మొగ్గుతాను.

యోస్ట్ అసలు ప్రతాపం చూపింది 1921లో అథ్లెటిక్ డైరెక్టర్ అయ్యాక. అప్పుడు మిషిగన్ ఆడేది ఫెర్రీ ఫీల్డ్‌లో. డెట్రాయిట్‌లో విత్తనాల వ్యాపారం చేసి గడించిన డెక్స్టర్ ఫెర్రీ దానమిచ్చిన స్థలం అది. దాత పెట్టిన చెయ్యి మీద ఎంతకాలం బతుకుతాం అనుకున్నాడేమో, యోస్ట్ కన్ను గేటు వసూళ్ల మీద పడింది. 1922లో ఒహాయో స్టేట్ 66 వేల సీట్ల స్టేడియం కట్టి, ప్రారంభోత్సవం మ్యాచ్‌కి మిషిగన్‌నే పిలిచింది. యోస్ట్ జట్టు 19-0తో గెలిచి పండగని పాడుచేసింది గానీ, యోస్ట్ మాత్రం ఆ స్టేడియాన్ని కళ్లారా చూసి వచ్చాడు. 1924లో ఇల్లినాయ్ కొత్త స్టేడియం ఉత్సవానికీ మిషిగనే అతిథి. అక్కడ రెడ్ గ్రేంజ్ అనే కుర్రాడు మొదటి పన్నెండు నిమిషాల్లోనే నాలుగు టచ్‌డౌన్లు చేసి యోస్ట్ పరువు తీశాడు. ఈ రెండు స్టేడియాలూ పూర్వ విద్యార్థుల చందాలతో లేచినవి.

అదే 1924లో జరిగిన చిన్న సంగతి ఒకటి చెప్పాలి. డెట్రాయిట్ రేడియో స్టేషన్ డబ్ల్యూడబ్ల్యూజే వాళ్లు వచ్చి, విస్కాన్సిన్‌తో మ్యాచ్‌ని ప్రసారం చేస్తామన్నారు. ఇంట్లో కూర్చుని వింటుంటే టికెట్ ఎవడు కొంటాడని యోస్ట్ సందేహం. టికెట్లన్నీ అమ్ముడైపోయాయి కాబట్టి ఆ ఒక్కసారికి సరేనన్నాడు. తీరా చూస్తే, రేడియోలో విన్నవాళ్లు తర్వాతి మ్యాచ్‌లకి టికెట్ల కోసం ఎగబడ్డారు. ప్రసారం గేటుకి శత్రువు కాదు, చుట్టం అని తేలిపోయింది. 2022లో బిగ్ టెన్ కాన్ఫరెన్స్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో కుదుర్చుకున్న టీవీ ఒప్పందం విలువ ఏడేళ్లకి ఏడు వందల కోట్ల డాలర్ల పైమాటే. దాని మొలక ఇక్కడుంది.

స్టేడియం కట్టాలంటే ప్రొఫెసర్లు ఒప్పుకోవాలి. చదువుల గుడిలో ఈ సర్కస్ ఏమిటని చాలామంది గొణిగారు. ఎడ్మండ్ డే అధ్యక్షతన వేసిన అధ్యాపకుల కమిటీ 1926లో నివేదిక ఇచ్చింది. కట్టుకోండి, కానీ అలంకారాలు వద్దు, సాదాగా ఉండాలి. ఆటల మీద అధ్యాపకుల అదుపు పెరగాలి. జట్టులో ఉన్న కొద్దిమందికే కాదు, విద్యార్థులందరికీ ఆడుకునే వసతులు కల్పించాలి. ఇదీ దాని సారాంశం. యోస్ట్‌కి ఈ చివరి మాట వరమైంది. అందరికీ ఆటలు అన్నది ఆయన ఎప్పటినుంచో చెబుతున్నదే.

ఇక డబ్బు. ప్రభుత్వాన్ని అడగలేదు. చందాలూ అడగలేదు. ఒక్కొక్కటి 500 డాలర్ల చొప్పున 3,000 బాండ్లు తయారుచేయించాడు. మొత్తం 15 లక్షల డాలర్లు. వడ్డీ నూటికి మూడు. మన ఊళ్లలో నూటికి మూడంటే నెలకని అర్థం, ఇది ఏడాదికి సుమండీ! అంత తక్కువ వడ్డీకి జనం ఎందుకు కొంటారు? అక్కడే ఉంది కిటుకు. బాండు కొన్నవాళ్లకి పదేళ్లపాటు, 1927 నుంచి 1936 దాకా, మైదానం మధ్యలో రెండు 30 గజాల గీతల నడుమ మంచి సీట్ల టికెట్లు కొనుక్కునే హక్కు ఇచ్చారు. టికెట్ ఊరికే ఇవ్వలేదు, కొనుక్కునే హక్కు మాత్రమే! ఇప్పుడు పెద్ద యూనివర్సిటీల్లో సీజన్ టికెట్ కావాలంటే ముందు సీటుకింత అని డొనేషన్ కట్టమంటారు చూడండి, దాని తాతగారు ఈ బాండు. తేడా ఒకటే. యోస్ట్ తీసుకున్నది అప్పు, తిరిగి ఇవ్వాల్సిందే. ఇప్పటి డొనేషన్ పోయిందంటే పోయినట్టే.

ఊటలున్న పల్లపు భూమిలో తవ్వి, మూడొంతులకి పైగా నేలమట్టం కిందే ఉండేట్టు స్టేడియం కట్టారు. ఖర్చు 9,50,000 డాలర్లు. యోస్ట్ లక్షకి పైగా సీట్లు కోరాడు, పాలకవర్గం 72,000 దగ్గర ఆపింది. ఆయన ఊరుకుంటాడా! పైన చెక్క బెంచీలు వేయించి ఇంకో పదివేల మందికి పైగా చోటు చేశాడు. అంతకంటే ముఖ్యంగా, పునాదుల్ని లక్ష దాటినా మోసేట్టు వేయించాడు. 1927 అక్టోబరు 1న మొదటి మ్యాచ్ ఒహాయో వెస్లియన్‌తో. ముప్ఫయ్యేళ్ల క్రితం ఆయనకి మొదటి కోచ్ ఉద్యోగం ఇచ్చిన కాలేజీనే 33-0తో ఓడించారు. అక్టోబరు 22న అసలు ప్రారంభోత్సవం, ఒహాయో స్టేట్‌తో. 84,401 మంది వచ్చారు. మిషిగన్ 21-0తో గెలిచింది.

వచ్చిన డబ్బుని ఏం చేశాడు? ఇక్కడ ఆయనకి మార్కులు వేయాల్సిందే. 1923లోనే పెద్ద ఫీల్డ్ హౌస్ కట్టించి ఉన్నాడు. 1928లో ఇంట్రామ్యూరల్ భవనం వచ్చింది. జట్టులో చోటు దొరకని మామూలు విద్యార్థులు ఆడుకోవడానికి కట్టిన అలాంటి భవనం దేశంలో అదే మొదటిదంటారు. అమ్మాయిలకి విడిగా ఒక అథ్లెటిక్ భవనం, 1931లో అలిస్టర్ మెకెంజీ గీసిన గోల్ఫ్ కోర్సు. ఫుట్‌బాల్ సంపాదిస్తుంది, మిగతా ఆటలన్నీ తింటాయి. ఈ రోజుకీ పెద్ద కాలేజీల లెక్క ఇదే. ఫుట్‌బాల్, కొన్నిచోట్ల బాస్కెట్‌బాల్ తెచ్చిన డబ్బుతోనే ఈత, రోయింగ్, జిమ్నాస్టిక్స్ బతుకుతాయి. అంత గేటు లేని చిన్న కాలేజీలు విద్యార్థుల ఫీజుల్లోంచి లాగుతాయి. మీ పిల్లల బిల్లులో అథ్లెటిక్ ఫీజు అని కనబడితే అదే ఇది.

అప్పు చేసి కట్టిన ఇంటికి కష్టకాలం రానే వచ్చింది. 1929 తర్వాత మాంద్యంలో గేటు వసూళ్లు పడిపోయాయి. ఆ గడ్డు రోజుల్లోనే, 1934లో, యోస్ట్ జీవితం మీద చెరగని మచ్చ పడింది. దక్షిణాది నుంచి జార్జియా టెక్ జట్టు ఆన్ ఆర్బర్‌కి ఆడటానికి రావాలి. మిషిగన్ జట్టులో విల్లిస్ వార్డ్ అనే నల్లజాతి ఆటగాడున్నాడు, మేటి ఆటగాడు. అతనుంటే మేం ఆడమంది జార్జియా టెక్. సొంత మైదానం, సొంత కుర్రాడు. వార్డ్‌ని ఆడించాలని విద్యార్థులు, అధ్యాపకులు కొందరు ఆందోళన చేశారు. యోస్ట్ లొంగలేదు సరికదా, ఆందోళన చేసేవాళ్ల మీద నిఘాకి పింకర్టన్ డిటెక్టివ్‌ని పెట్టించాడు. వార్డ్‌ని కూర్చోబెట్టారు. వార్డ్‌కి మంచి స్నేహితుడైన జెరాల్డ్ ఫోర్డ్, తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఆ ఫోర్డే, అదే జట్టులో ఆడాడు. మిషిగన్ 9-2తో గెలిచింది. ఆ ఏడాది ఎనిమిది మ్యాచ్‌ల్లో గెలిచింది అదొక్కటే. వార్డ్ తర్వాత లా చదివి జడ్జి అయ్యాడు.

కాలం అలాంటిదని సరిపెట్టేవాళ్లున్నారు. కానీ అదే కాలంలో అదే ఊళ్లో విద్యార్థులు ఎదురు నిలబడ్డారు కదా! యోస్ట్ కోచ్‌గా ఉన్న పాతికేళ్లలో మిషిగన్ ఫుట్‌బాల్‌లో ఒక్క నల్లజాతి కుర్రాడికీ లెటర్ దక్కలేదు. అందరికీ ఆటలు అన్న మనిషి లెక్కలో ఆ అందరూ ఎవరో ఇది చెబుతుంది.

యోస్ట్ 1941లో పదవి వదిలాడు. 1946 ఆగస్టు 20న ఆన్ ఆర్బర్‌లో కన్నుమూశాడు. ఆయన వేయించిన పునాదుల మీద 1949లో స్టేడియం 97 వేలు దాటింది, 1956లో లక్ష దాటింది. 2010కల్లా 22.6 కోట్ల డాలర్లతో ధనవంతుల బాక్సులు వచ్చి చేరాయి.

ఆయన లెక్కల పుస్తకంలో బాండు కొన్నవాడికి వడ్డీ ఉంది, కోచ్‌కి జీతం ఉంది, గోల్ఫ్ కోర్సుకి ఖర్చు ఉంది. మైదానంలో ఎముకలు విరగ్గొట్టుకున్న కుర్రాడి పేరున వాటా లేదు. ఆ గడి నింపడానికి కోర్టు కావాల్సి వచ్చింది. 2025 జూన్ 6న ఫెడరల్ జడ్జి ఒక సెటిల్‌మెంట్‌ని ఆమోదించడంతో, 2025-26 విద్యా సంవత్సరం నుంచి ఒక్కో యూనివర్సిటీ తన ఆటగాళ్లకి ఏడాదికి రెండు కోట్ల అయిదు లక్షల డాలర్ల వరకు నేరుగా పంచడానికి వీలు కలిగింది. పాత ఆటగాళ్లకి ఇవ్వాల్సిన బకాయిలు సుమారు 280 కోట్ల డాలర్లు. ఈ డబ్బు ఎక్కడినుంచి తేవాలి, ఏ చిన్న ఆటని తీసేయాలి అని అథ్లెటిక్ డైరెక్టర్లు తలలు పట్టుకున్నారు.

యోస్ట్ కట్టించిన ఫీల్డ్ హౌస్‌ని 1973లో ఐస్ హాకీ మైదానంగా మార్చి ఆయన పేరే ఉంచారు. వార్డ్ ఉదంతం ఆధారంగా ఆ పేరు తీసేయాలని యూనివర్సిటీ వేసిన కమిటీ 2021లో సిఫారసు చేసింది.