పట్టాల పక్కన పెరిగినవాడు

మా ఇంటికీ రైలు పట్టాలకీ మధ్య ఒక చింతచెట్టు, ఒక మట్టిబాట, అంతే. డోర్నకల్ నుంచి కొత్తగూడెం పోయే లైను అది. పాసింజర్లు తక్కువ, బొగ్గు బండ్లు ఎక్కువ. సింగరేణి బొగ్గు నింపుకుని గూడ్సు వస్తుంటే ఇంట్లో గిన్నెలు సన్నగా మోగేవి. నేను గడప మీద కూర్చుని పెట్టెలు లెక్కపెట్టేవాణ్ణి. ఇంజన్లు, చివర గార్డు పెట్టె వదిలేస్తే మామూలుగా 58 వచ్చేవి. 57 వచ్చిందంటే మధ్యలో నేనే ఎక్కడో రెప్ప వేశానని అర్థం. ఇంకో బండి వచ్చి లెక్క సరిపోయేదాకా మనసు కుదుటపడేది కాదు.

ఎండాకాలం సెలవుల్లో మా నాయనమ్మ బర్రెల్ని నాకు అప్పజెప్పేది. మేపడం పెద్ద పనేం కాదు, పట్టాల మీదకి పోకుండా చూడటమే పని. కట్ట పక్కన గడ్డి మాత్రం ఎప్పుడూ పచ్చగా ఉండేది. ఆ సంగతి నాకంటే బర్రెలకే బాగా తెలుసు.

ఇదంతా ఎందుకంటే, సెకండియర్‌లో లైబ్రరీలో ఒక పుస్తకం తిరగేస్తుంటే, సరిగ్గా ఇదే పని చేసిన ఇంకో పిల్లాడు కనపడ్డాడు. ఇంగ్లండులో, రెండు వందల ఏళ్లకి పైగా కిందట. జీతం రోజుకి 2 పెన్నీలు. పేరు జార్జ్ స్టీఫెన్‌సన్. రైల్వేల పితామహుడు అని మన జీకే పుస్తకాల్లో ఒక్క లైను ఉంటుంది కదా, ఆయనే. ఆ ఒక్క లైను వెనక ఉన్న మనిషి గురించి చెబుదామని ఈ వ్యాసం.

1781 జూన్ 9న, న్యూకాజిల్ దగ్గర వైలమ్ అనే గని ఊళ్లో పుట్టాడు జార్జ్. నాన్న బొగ్గు గనిలో నీళ్లు తోడే ఆవిరి యంత్రానికి బొగ్గు వేసే కూలీ. అమ్మకీ నాన్నకీ అక్షరం ముక్క రాదు. ఒకే ఇంట్లో నాలుగు కుటుంబాలు, వీళ్ల వంతుకి ఒకే గది. ఆ గది ముందే బొగ్గు బండ్ల బాట. లోకంలో అప్పటికి రైలింజను లేదు, కానీ పట్టాలున్నాయి! చెక్క పట్టాలు. వాటి మీద బొగ్గు నింపిన బండ్లని గుర్రాలు లాగి, 5 మైళ్ల దూరంలో టైన్ నది ఒడ్డున పడవల దగ్గరికి చేర్చేవి. మెత్తటి నేల మీద చక్రం దిగబడుతుంది, పట్టా మీద దొర్లుతుంది. గుర్రం అదే, బలం అదే, బరువు మాత్రం ఎన్నో రెట్లు లాగుతుంది. మనం ఫస్టియర్‌లో ఘర్షణ చాప్టర్‌లో చదివినదాన్ని జార్జ్ మాటలు నేర్చేనాటికే గుమ్మంలోంచి చూశాడు.

ఎనిమిదేళ్ల వయసులో వాళ్లు ఇంకో గని దగ్గరికి మారారు. అక్కడా బండ్ల బాటే. ఆ ఊళ్లో ఒక వితంతువు ఆవుల్ని బాట పక్కన మేపుకునే హక్కు తెచ్చుకుంది. ఆవులు బండ్లకి అడ్డం పోకుండా చూడటం, రాత్రి ఆఖరి బండి దాటాక గేట్లు వేయడం, ఇదీ జార్జ్ ఉద్యోగం. ఖాళీ దొరికితే మనం మట్టితో ఎద్దుల్ని చేసుకున్నట్టు అతను మట్టితో ఆవిరి యంత్రాలు చేసుకునేవాడట. లోపలి గొట్టాలకి బోలు కాడలు గుచ్చేవాడట.

తర్వాత బొగ్గులో రాళ్లు ఏరే పని, రోజుకి 6 పెన్నీలు. 14 ఏళ్లకి నాన్న పక్కనే బొగ్గు వేసే సహాయకుడు, రోజుకి 1 షిల్లింగ్. 17 ఏళ్లకి నాన్న కంటే పై ఉద్యోగం: పంపు యంత్రాన్ని చూసుకునే ఇంజన్‌మన్. శనివారం గని ఆగాక అందరూ బయటికి పోతే, ఈయన యంత్రాన్ని విప్పి, తుడిచి, మళ్లీ బిగించేవాడు. ఎవరూ చెప్పని పని అది. అప్పటికి తన పేరు తను రాసుకోవడం రాదు. కొత్త యంత్రాల గురించి పుస్తకాల్లో ఉంటుందని ఎవరో అంటే, 18 ఏళ్ల వయసులో రాత్రి బడిలో చేరాడు. పన్నెండు గంటల డ్యూటీలో యంత్రం పక్కన కూర్చుని పలక మీద లెక్కలు చేసేవాడు.

ఇక్కడిదాకా చదివితే కష్టపడితే పైకొస్తారు అనే మామూలు కథలాగే ఉంటుంది. కానీ జీవితం అంత సాఫీగా లేదు. 1802లో పెళ్లి, 1803లో కొడుకు రాబర్ట్. 1805లో పుట్టిన ఆడపిల్ల కొద్ది వారాలకే పోయింది. మరుసటి ఏడే భార్య ఫ్రాన్సెస్ క్షయతో పోయింది. పసివాణ్ణి ఇంట్లో వదిలి ఆయన పని కోసం స్కాట్లండు నడిచిపోయాడు. తిరిగొచ్చేసరికి నాన్నకి ప్రమాదంలో ఆవిరి ముఖాన కొట్టి రెండు కళ్లూ పోయాయి. దాచుకున్న డబ్బు నాన్న అప్పులకీ, తన బదులు సైన్యంలోకి ఇంకొకణ్ణి పంపడానికీ అయిపోయింది. అమెరికా పోదామనుకున్నాడు, టికెట్‌కి డబ్బుల్లేవు. రాత్రుళ్లు గడియారాలు, బూట్లు బాగుచేసి ఇల్లు నడిపాడు.

1811లో కిల్లింగ్‌వర్త్ దగ్గర ఒక కొత్త గనిలో పంపు నీళ్లు తోడలేక మొండికేసింది. పెద్ద పెద్ద వాళ్లు చూసి చేతులెత్తేశారు. స్టీఫెన్‌సన్ విప్పి, మార్పులు చేసి, కొద్ది రోజుల్లోనే గనిని ఎండగొట్టాడు. మరుసటి ఏడు ఆ గనులన్నిటి యంత్రాలకీ పెద్దమేస్త్రిగా వేశారు. జీతం ఏడాదికి 100 పౌండ్లు.

ఆ డబ్బుతో ముందు చేసిన పని కొడుకుని న్యూకాజిల్‌లో మంచి బళ్లో వేయడం. రాబర్ట్ గాడిద మీద బడికి వెళ్లొచ్చేవాడు. లైబ్రరీ పుస్తకాలు ఇంటికి తెచ్చేవాడు, తండ్రీకొడుకులు ఒకే దీపం దగ్గర చదువుకునేవారు. 1816లో ఇద్దరూ కలిసి లెక్కలు కట్టి ఒక నీడగడియారం చెక్కి గుమ్మం పైన పెట్టారు. కొడుకు బళ్లో నేర్చుకున్నది సాయంత్రానికి తండ్రికి చెప్పడం, ఈ ముక్క దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. మా ఇంట్లో ఫోన్‌లో మెసేజ్ చదివిపెట్టేది నేనే.

1814లో ఆయన మొదటి రైలింజను బ్లూషర్ తయారైంది. 30 టన్నుల బొగ్గు బండ్లని గంటకి 4 మైళ్ల వేగంతో ఎగువకి లాగింది. అంతకుముందు ఇంజన్లు చేసినవాళ్లు ఉన్నారు. ట్రెవిథిక్ 1804లోనే చేశాడు. స్టీఫెన్‌సన్ పుట్టిన ఇంటి ముందరి బాట మీదే హెడ్లీ అనే ఆయన పఫింగ్ బిల్లీ అనే ఇంజన్ నడిపాడు. కాబట్టి రైలింజను కనిపెట్టింది స్టీఫెన్‌సన్ అని జీకేలో రాస్తే అది సరికాదు. ఇంజన్, పట్టా, వంతెన, వాలు, అన్నీ కలిపి ఒకే యంత్రంలా ఆలోచించడం ఆయన గొప్ప.

1815లో గనిలో వాయువు అంటుకోకుండా వెలిగే దీపం చేశాడు. పనిచేస్తుందో లేదో తేల్చడానికి, వాయువు బుసకొడుతున్న చోటికి దాన్ని తనే చేత్తో పట్టుకుని వెళ్లాడు. ఇంచుమించు అదే సమయంలో లండన్‌లో హంఫ్రీ డేవీ ఇంకో దీపం చేశాడు. డేవీ పేరున్న శాస్త్రవేత్త. ఆయనకి 2000 పౌండ్ల బహుమతి ఇచ్చారు, స్టీఫెన్‌సన్‌కి 100 గినీలు విదిలించారు. పైగా దొంగతనం నింద. రసాయనశాస్త్రం చదవని గనివాడు ఇలాంటిది సొంతంగా చేయలేడని డేవీ చనిపోయేదాకా నమ్మాడు. 1833లో పార్లమెంటు కమిటీ ఇద్దరికీ సమాన హక్కు ఉందని తేల్చింది. అప్పటికి డేవీ లేడు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న చోటికి వస్తున్నా. 1825 ఏప్రిల్, లండన్. లివర్‌పూల్ నుంచి మాంచెస్టర్‌కి రైలు మార్గం వేయాలంటే పార్లమెంటు అనుమతి కావాలి. కమిటీ ముందు ఇంజనీరు స్టీఫెన్‌సన్ సాక్ష్యం చెప్పాలి. ఎదుటి పక్షాన కాలువల యజమానులు, భూస్వాములు, వాళ్ల లాయర్లు. మన స్టీఫెన్‌సన్‌ది గని ప్రాంతపు యాస. లండన్ వాళ్లకి సగం అర్థం కాదు, అర్థమైన సగానికి నవ్వు. ఈయన విదేశీయుడా అన్నట్టు ఎగతాళి చేశారు. మూడు రోజులు నిలబెట్టి ప్రశ్నలు గుచ్చారు. చివరికి బిల్లు పోయింది. కంపెనీ ఈయన్ని పక్కనపెట్టి వేరే ఇంజనీర్లని పిలిచింది.

ఇది చదవగానే నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే అంతకు రెండు నెలల ముందే సర్వేయింగ్ ల్యాబ్ సెమినార్‌లో నాకూ అదే జరిగింది. నేను జిల్లా పరిషత్ హైస్కూల్, తెలుగు మీడియం. మా బ్యాచ్ కాలేజీ గేటు నుంచి హాస్టల్ ట్యాంకు దాకా లెవెలింగ్ చేసి తిరిగి గేటుకి వచ్చింది. ప్రెజెంటేషన్ నాకు పడింది. నా ఇంగ్లీషుకి వెనక బెంచీలు నవ్వాయి. సార్ ఏదో అడిగితే నోరు పెగల్లేదు. ఆ రాత్రి హాస్టల్లో అందరికీ ఒకటే చెప్పాను, తెలుగు మీడియం కాబట్టే నన్ను తొక్కేశారని. పుస్తకంలో స్టీఫెన్‌సన్ దొరకగానే నా పక్షాన పెద్ద సాక్షి దొరికాడనిపించింది.

కానీ తర్వాత పేజీ తిప్పాను.

ఆ లాయర్లు యాసని ఎగతాళి చేసిన మాట నిజం. కానీ బిల్లు పడిపోవడంలో ఇంకో కారణం కూడా ఉంది. లెవెల్స్ తప్పు. భూస్వాములు సర్వేయర్లని పొలాల్లోకి రానివ్వక తరిమేవాళ్లు. రాత్రిపూట దొంగచాటుగా కొలిచిన చోట్లున్నాయి. ఆ కొలతలు తీసింది ఆయన కింది వాళ్లు. పని ఒత్తిడిలో ఈయన సరిచూసుకోలేదు. ఇర్వెల్ నది వెడల్పెంత, వంతెనకి ఎన్ని తోరణాలు అని అడిగితే చెప్పలేకపోయాడు. అక్కడ యాస అడ్డం రాలేదు. జవాబే లేదు.

ఆ రోజు రూముకి వచ్చి మా ఫీల్డ్‌బుక్ తీశాను. గేటు దగ్గర మొదలుపెట్టి మళ్లీ గేటుకే వచ్చాం కదా, రెండు లెవెల్సూ దాదాపు ఒకటే రావాలి. మాకు సరిగ్గా 1 మీటరు తేడా ఉంది. ఎక్కడో స్టాఫ్ మీద మీటరు అంకె తప్పు చదివాం. రీడింగులు తీసింది నా ఫ్రెండ్స్, నేను చూడకుండా చార్టు గీశాను. ఆ రోజు సార్ అడిగింది క్లోజింగ్ ఎర్రర్ ఎంత అని. ఆ ప్రశ్న తెలుగులో అడిగినా నా దగ్గర జవాబు లేదు.

నవ్వినవాళ్లది తప్పే, అందులో నాకు ఇప్పటికీ సందేహం లేదు. కానీ ఆ తప్పు చాటున నా తప్పుని దాచేశాను. రెండూ వేర్వేరు లెక్కలు. రెండో దాన్ని దిద్దుకోవడం నా చేతుల్లో ఉంది.

స్టీఫెన్‌సన్ చేసింది కూడా అదేనని నాకనిపిస్తుంది. 1826లో కొత్త సర్వేతో బిల్లు పాసయింది. కంపెనీ మళ్లీ ఈయన్నే పిలిచింది. దారిలో చాట్ మాస్ అనే బురద నేల, సుమారు 4 మైళ్లు, మనిషి కాలు పెడితే దిగబడే చోటు. అక్కడ రైలు కట్ట వేయడం పిచ్చిపని అని కమిటీ ముందు నవ్విన చోటు కూడా అదే. కంప, పొదలు అల్లిన తడికలు పరిచి, వాటి మీద కట్టని తేలించాడు. ఇప్పటికీ ఆ దారిన రైళ్లు నడుస్తున్నాయి. 1829 అక్టోబరులో రెయిన్‌హిల్ దగ్గర ఇంజన్ల పోటీ పెట్టారు, బహుమతి 500 పౌండ్లు. పోటీ పూర్తిచేసింది ఒకే ఒక్క ఇంజన్, రాకెట్. కొడుకు రాబర్ట్ చేతిలో తయారైంది. గాడిద ఎక్కి బడికి పోయిన పిల్లాడే!

1830 సెప్టెంబరు 15న ఆ లైను మొదలైంది. ఆ రోజే హస్కిసన్ అనే పార్లమెంటు సభ్యుడు రాకెట్ కింద పడ్డాడు. గాయపడిన ఆయన్ని ఇంజన్ మీద స్టీఫెన్‌సనే గంటకి సుమారు 36 మైళ్ల వేగంతో తీసుకెళ్లాడు. అంత వేగం అప్పటికి ఎవరూ ఎరగరు. అయినా ఆయన బతకలేదు. ఆవుల్ని పట్టాల మీదకి రాకుండా కాసిన పిల్లాడికి ఆ రోజు ఎలా ఉండి ఉంటుందో.

1847లో మెకానికల్ ఇంజనీర్ల సంస్థ పుట్టినప్పుడు మొదటి అధ్యక్షుడు ఆయనే. 1848 ఆగస్టు 12న పోయాడు. ఇంకో ఐదేళ్లకి మన దేశంలో బొంబాయి నుంచి ఠాణేకి మొదటి పాసింజర్ రైలు నడిచింది.

చివరిగా ఒక సంగతి. కిల్లింగ్‌వర్త్ గుర్రపు బండ్ల బాట వెడల్పు 4 అడుగుల 8 అంగుళాలు. ఆయన తన లైన్లకీ అదే వాడాడు, తర్వాత ఇంకో అర అంగుళం కలిసింది. అదే ఇవాళ్టి స్టాండర్డ్ గేజ్, 1435 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజ్ 1676. మా ఊరి లైను అదే. కానీ హైదరాబాద్ మెట్రోది 1435. ఈసారి అమీర్‌పేటలో మెట్రో ఎక్కేటప్పుడు ఒకసారి కిందికి చూడండి. ఆ వెడల్పు గుర్రాల కాలం నాటిది.

మొన్న సెలవులకి ఇంటికెళ్లాను. గిన్నెలు మోగాయి. పరుగెత్తి గడప మీద కూర్చుని లెక్కపెట్టాను. 57 వచ్చింది. ఇంకో బండి కోసం అక్కడే కూర్చున్నాను.