రిచర్డు కీర్టను: పక్షులకై ఎద్దు వేషము

ఇంగ్లాండు దేశమున యార్కుషైరు మండలమందు స్వేల్‌డేలు అను కొండలోయ కలదు. అందలి థ్వైటు గ్రామమున 1862వ సంవత్సరమున ఒక గొఱ్ఱెల రైతు ఇంట రిచర్డు కీర్టను జన్మించెను. చలికాలమున మంచు కురియు ఆ పొలములలో మందల నడుమ పెరుగుచు, పక్షుల పోకడలను అతడు బాల్యముననే ఎరిగెను. మ్యూకరు గ్రామపు బడిలో చదివెను. చిన్ననాట పక్షిగూటికై చెట్టెక్కి పడుటచే తుంటి చెడి, జీవితాంతము కుంటుచునే నడిచెను.

పక్షుల కూతలను అనుకరించుటలో అతడు నేర్పరి. వేటకై అచ్చటికి వచ్చిన లండను ప్రచురణకర్తల కుటుంబీకుడొకడు ఆ నేర్పునకు మెచ్చి, 1882లో కాసెల్ కంపెనీలో ఉద్యోగమిప్పించెను. పిదప తమ్ముడు చెర్రీయు అందే చేరెను.

ఆ దినములలో పక్షులను పరిశోధించువారికి తుపాకియే ముఖ్యసాధనము. పక్షిని కాల్చి, చర్మమొలిచి, దూది కూరి భద్రపరచుట వాడుక. 1892లో చెర్రీ ఒక త్రష్ పిట్ట గూటిని గ్రుడ్లతో సహా ఛాయాచిత్రము తీసెను. అన్న వ్రాయగా, తమ్ముడు చిత్రములు తీయగా, 1895లో బ్రిటిష్ బర్డ్స్ నెస్ట్స్ అను గ్రంథము వెలువడెను. ఆద్యంతము ఛాయాచిత్రములతో వెలసిన ప్రకృతిశాస్త్ర గ్రంథములలో ఇది మొదటి వాటిలోనిది. 1896లో వారు సెయింట్ కిల్డా ద్వీపమునకేగి సముద్రపక్షులను చిత్రించిరి.

గూడు కదలదు, పక్షియో ఎగిరిపోవును. నాటి కెమెరాలు బరువైనవి. దగ్గరకు పోనిదే చిత్రము కుదరదు. అయితే పొలములోని పక్షి మనుష్యుని చూచి బెదరినను, మేయుచున్న పశువును చూచి బెదరదు. ఈ సంగతి నెరిగిన సోదరులు 1900 ప్రాంతమున ఒక ఎద్దు చర్మమును తేలికైన కొయ్యచట్రముపై బిగించి, లోపల మనిషియు కెమెరాయు పట్టునట్లు అమర్చి, చర్మములోని రంధ్రము గుండ పక్షులను చిత్రింపసాగిరి. ఒకనాడు గంటలకొలది లోపల వంగి నిలిచిన రిచర్డునకు స్పృహ తప్పెను. ఎద్దు వెల్లకిల పడి నాలుగు కాళ్లను ఆకాశమునకు చాచెను. లేవలేక చిక్కుకొనిన అన్నను తమ్ముడు వచ్చి వెలికి తీసెను. ఇంత జరిగినను రిచర్డు తన పని మానలేదు. ఊరూర మాయాదీపపు చిత్రములు చూపి ఉపన్యసించి, వేలమందికి పక్షులపై ప్రేమ కలిగించెను. 1928లో మరణించెను. అతడు చదివిన బడికి సోదరుల స్మారకఫలకములు అమర్చబడినవి.

విద్యార్థులారా! గూటికై చెట్టెక్కి పడిన ఆ బాలుడే, పక్షిని చంపకయు గూటిని చెరుపకయు వాటిని ఎరుగవచ్చునని పెద్దయైన పిదప లోకమునకు చూపెను. చలికాలమున పొలముగట్టున నిలిచినపుడు రాయి విసరక, కదలక, కొంతసేపు చూడుడు. పక్షియే మీ చెంతకు వచ్చును.