కిర్క్‌పాట్రిక్ దొరయు ఆయన యింటివారును

చదువవలసిన భాగము: 1 సమూయేలు 1, 2 అధ్యాయములు



మన నల్లగొండ వైపు నుండి బస్సులో హైదరాబాదు పోవువారు దిల్‌సుఖ్‌నగరు, మలక్‌పేట దాటి, చాదర్‌ఘాటు వద్ద మూసీ వంతెన దాటి కోఠీలో దిగుదురు. అక్కడ గొప్ప స్తంభములును, మెట్లకు ఇరుప్రక్కల రాతి సింహములును గల తెల్లని మేడ ఒకటి యున్నది. పూర్వము దానిని రెసిడెన్సీ అనిరి. 1949 నుండి అందులో ఆడపిల్లల కళాశాల నడిచెను. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరు గల మహిళా విశ్వవిద్యాలయము. దాని ముందుగా మనలో అనేకులు ఎన్నోమార్లు నడచియుందుము. ఆ మేడను కట్టించిన దొర యెవరు, ఆ యింట ఒక తల్లి యెట్టి దుఃఖము ననుభవించెను అను సంగతి తెలిసినవారు కొద్దిమందియే. ఈ నెల ఆ కుటుంబపు వృత్తాంతమును మీ ముందుంచుచున్నాను. మన యిండ్లకును మన సంఘములకును పనికివచ్చు పాఠము ఇందులో ఉన్నది.

ఆ దొర పేరు జేమ్సు ఆకిలీస్ కిర్క్‌పాట్రిక్. ఆయన 1764లో చెన్నపట్టణపు కోటలో పుట్టెను. తండ్రి ఈస్టిండియా కంపెనీ గుర్రపుదండులో కర్నలు. మిక్కిలి అందగాడని ఆ కాలమున పేరుపొందినవాడు. తల్లి ఆ పట్టణములోని ఒక వైద్యుని కుమార్తె. బిడ్డ పసివాడైయుండగానే ఆ తల్లి చనిపోయెను. తరువాత పిల్లవానిని ఇంగ్లండుకు పంపి, గొప్పవారి పిల్లలు చదువు ఈటన్ పాఠశాలలో చదివించిరి. పదునైదేండ్ల ప్రాయమున, 1779లో, అతడు సిపాయిదండులో చేరి మరల ఈ దేశమునకు వచ్చెను. తల్లి ఒడి ఎరుగని బాలుడు, ఓడల మీద పెరిగిన బాలుడు అని అతని గూర్చి చెప్పవచ్చును. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడి.

అతనికి విలియం అను అన్న యుండెను. తండ్రి ఒకడే గాని తల్లులు వేరు. ఆ విలియం నిజాము దర్బారులో కంపెనీవారి రెసిడెంటుగా నుండగా తమ్ముడు అతనికి సహాయకుడుగా హైదరాబాదుకు వచ్చెను. 1798లో జేమ్సే రెసిడెంటు ఆయెను. పారసీ, హిందూస్తానీ బాగుగా నేర్చుకొని, హైదరాబాదు నవాబులవలె వస్త్రములు ధరించి, వారి మర్యాదలను తన మర్యాదలుగా చేసికొనెను గనుక నిజాము ఆలీఖాను అతనిని ఇష్టపడి హష్మత్ జంగు అను బిరుదు ఇచ్చెను. నగరములో అతనిని ఆ పేరుననే పిలిచిరి.

అతడు తన రాజుకు చేసిన సేవ గొప్పది. ఆ దినములలో నిజామునొద్ద ఫ్రెంచివారు నడిపించు పెద్ద సైన్య ముండెను. దానికి నాయకుడైన రేమండు 1798 మార్చిలో మరణించెను. మలక్‌పేట దగ్గర గుట్టమీద అతని సమాధి నేటికిని ఉన్నది. మూసారాంబాగు అను పేరు అతని వలననే వచ్చెనని చెప్పుదురు. ఆ సంవత్సరము సెప్టెంబరులో కిర్క్‌పాట్రిక్ నిజాముతో ఒడంబడిక చేసి, అక్టోబరులో వేలకొలది సిపాయిలు గల ఆ సైన్యమును యుద్ధము లేకుండ ఆయుధములు విడుచునట్లు చేసెను. 1799లో టిప్పు సుల్తాను పడిపోయెను. 1800లో మరియొక ఒడంబడిక జరిగెను. దానివలన కడప, బళ్లారి, అనంతపురము, కర్నూలు సీమలు కంపెనీవారి చేతికి పోయెను. దత్తమండలములని మన పెద్దలు చెప్పుకొనినవి ఇవియే. ఒక దొర వ్రాలు, ఒక నవాబు ముద్ర. ఆ సీమల రైతులను అడిగినవారు లేరు. నిజాము సింహాసనము నిలిచెను గాని దాని బలము నానాటికి కంపెనీవారి దయమీద ఆధారపడెను. తరువాత కాలములో గవర్నరు జనరలు వెల్లస్లీ చేసిన దౌర్జన్యములు కిర్క్‌పాట్రిక్‌కే రుచింపలేదు.

ఇక ఆయన ఇంటి సంగతి. నిజాము కొలువులో బాఖర్ అలీఖాను అను గౌరవనీయుడైన సయ్యదు వంశస్థు డుండెను. అతని కుమార్తె షరఫున్నీసా బేగము, విధవరాలు. ఆమె కుమార్తె ఖైరున్నీసా. ఆ చిన్నది అప్పటికే మరియొకనికి నిశ్చయింపబడినది. వయస్సు పదునాలుగు సంవత్సరముల ప్రాంతము. ఆమెకును ముప్పది నాలుగేండ్ల ఈ దొరకును 1798 చివర, ఆమె అక్క పెండ్లి దినములలో, పరిచయము కలిగెను. అది నగరములో పెద్ద గొడవకు కారణ మాయెను. కంపెనీవారు విచారణలు జరిపించిరి. తుదకు అతడు ఇస్లాము మతము పుచ్చుకొని, వారి ధర్మము చొప్పున ఆమెను వివాహమాడెనని చరిత్ర వ్రాసినవారు చెప్పుచున్నారు. ఆ చిన్నవయస్సును గాని ఆ విధమును గాని నేను మెచ్చుకొనుట లేదు. అయితే ఆ కాలపు దొరలలో అనేకులు ఇటువంటి స్త్రీలను కొన్నాళ్లు ఉంచుకొని విడిచిపెట్టిరి. ఇతడట్లు చేయక, ఉద్యోగము పోవునేమో అని యెరిగియు, ఆమెను భార్యగా ఒప్పుకొనెను.

వారికి ఇద్దరు బిడ్డలు కలిగిరి. 1801 మార్చి 4వ తేదీన కుమారుడు సాహిబ్ ఆలము, 1802 ఏప్రిలు 9వ తేదీన కుమార్తె సాహిబ్ బేగము. ఆ కాలముననే దొర కోఠీలో ఇప్పుడున్న మేడ కట్టించుట ఆరంభించెను. దాని వెనుక తోటలో భార్య నిమిత్తము రంగమహలు అను జనానా కట్టించెను. ఖైరున్నీసా ఘోషాలో నుండుటచేత పెద్దమేడను తిరిగి చూడలేదనియు, ఆమె చూచుటకే దాని నమూనా చిన్నదిగా తోటలో కట్టించెననియు జనులు చెప్పుదురు.

ఇంత ప్రేమించిన తండ్రి తన బిడ్డల విషయమై ఏమి చేసెను? ఇక్కడి దొరతనమునకు పుట్టిన మిశ్రమజాతి బిడ్డలకు ఈ దేశమున గౌరవముండదని తలంచి, వారిని ఇంగ్లండులోని తన తండ్రియొద్దకు పంపుటకు నిశ్చయించెను. తాను పసితనమున పోయిన దారినే వారిని పంపెను. 1805లో పిల్లలు చెన్నపట్టణమునకు తీసికొనిపోబడిరి. అక్కడ చిన్నరీ అను చిత్రకారుడు, హైదరాబాదు దుస్తులతో నున్న వారిద్దరి పటమును వ్రాసెను. సెప్టెంబరులో వారు ఓడ ఎక్కిరి. కుమారునికి నాలుగున్నర యేండ్లు, కుమార్తెకు మూడున్నర.

దొర అప్పటికే రోగి. క్రొత్త గవర్నరు జనరలు కారన్‌వాలిసును కలిసికొనవలెనని కలకత్తాకు ప్రయాణమాయెను. అక్టోబరు 5వ తేదీన కారన్‌వాలిసు మరణించెను. పది దినములకు, 1805 అక్టోబరు 15వ తేదీన, కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో కన్నుమూసెను. వయస్సు నలుబది యొకటి. ఆయన కట్టించుచున్న మేడ ఇంకను పూర్తికాలేదు. ఓడ సముద్రము మీద నున్నది. బిడ్డలకు తండ్రి లేడని తెలియదు.

1806 మార్చి 25వ తేదీన లండను నగరములో మేరిల్బోను దేవాలయమున ఆ ఇద్దరు పిల్లలకు బాప్తిస్మ మిచ్చిరి. సాహిబ్ ఆలము విలియం జార్జి ఆయెను. సాహిబ్ బేగము కాథరీను అరోరా ఆయెను. ఇంటివారు కిట్టీ అనిరి. పాత పేర్లు పోయెను. పేర్లతో కూడ తల్లియు పోయెను. తల్లికి గాని అమ్మమ్మకు గాని ఉత్తరము వ్రాయుటకు ఆ పిల్లలకు సెలవు లేకపోయెను.

హైదరాబాదులో ఆ తల్లి గతి యేమాయెను? పందొమ్మిది, ఇరువదేండ్లకే విధవరాలై, బిడ్డలు లేక, భర్త సమాధి చూచుటకు తన తల్లితో కూడ కలకత్తాకు పోయెను. భర్త క్రింద పనిచేసిన హెన్రీ రస్సెలు అను దొర ఆమెను ఆదరించినట్టు ఆదరించి, ఆమె నమ్మిన తరువాత విడిచిపెట్టి, 1808లో చెన్నపట్టణమున వేరొక స్త్రీని పెండ్లాడెను. నిజాము దివానైన మీర్ ఆలము ఆమెను హైదరాబాదుకు రానియ్యలేదు. ఆమె మచిలీపట్నమున సముద్రపు టొడ్డున కాలము గడిపెను. కొన్ని సంవత్సరములకు తిరిగివచ్చి, 1813 సెప్టెంబరు 22వ తేదీన మరణించెను. ఆమెకు అప్పటికి ఇరువది యేడు సంవత్సరములు. బిడ్డలు పోయి ఎనిమిదేండ్లు. ఒక్కసారియైనను వారి ముఖము చూడలేదు. నేడు మచిలీపట్నమునుండి హైదరాబాదుకు పోవు రహదారి కోదాడ, సూర్యాపేట, చౌటుప్పలు మీదుగా మన సీమలోనే పోవుచున్నది. ఆ దారిని చూచునప్పుడు నాకు ఆ తల్లి జ్ఞాపకము వచ్చును.

హన్నాను తలంచుడి. ఆమెయు తన ఏకపుత్రుని చిన్నతనముననే షిలోహు మందిరములో విడిచెను. అయితే ఏటేట ఒక చిన్న అంగీ కుట్టి, తీసికొనిపోయి, వానికి ఇచ్చుచుండెను. దేవునికి అర్పింపబడిన బిడ్డకు కూడ తల్లి చేతి అంగీ వద్దని ఏలీ చెప్పలేదు. మోషే ఫరో కుమార్తె బిడ్డ ఆయెను; అయినను దేవుడు వానికి కన్నతల్లి పాలే దొరకునట్లు చేసెను. ఖైరున్నీసాకు అంగీ పంపు దారి కూడ లేకపోయెను. ఆ దారిని మూసినవారు అన్యులు కారు. ఆదివారము గుడికి పోవు క్రైస్తవులే.

కుమారుడు విలియం 1812లో కాగుచున్న నీళ్లలో పడి వికలాంగుడై, 1828లో ఇరువది యేడేండ్లకే, తల్లి వయస్సుననే, చనిపోయెను. కిట్టీ చక్కని కన్యకయై పెరిగెను. తరువాత గొప్ప గ్రంథకర్త యైన కార్లయిల్ యౌవనమున ఆమెను చూచి ముగ్ధుడాయెను. అతని గ్రంథములోని ఒక నాయిక ఈమెయే అని చాలమంది తలంచిరి. ఆమె 1829లో కెప్టెను ఫిలిప్స్ అను సైనికుని వివాహమాడి బిడ్డల తల్లి ఆయెను.

ఇంగ్లండు ఆమెకు అన్నియు ఇచ్చెను గాని ఆమె మరువలేదు. ఒక దినమున ఆమె ఇంగ్లండులోని ఒక గొప్ప యింటికి పోగా అక్కడి గోడమీద తన పటము, తన అన్న పటము కనబడెను. అది చిన్నరీ వ్రాసిన చిత్రమే. ఆ యిల్లు హెన్రీ రస్సెలుది. అమ్మమ్మ షరఫున్నీసా ఇంకను హైదరాబాదులో బ్రదికియున్నదని ఆమెకు అప్పుడు తెలిసెను. 1841 ప్రాంతమున, దాదాపు నలువది యేండ్ల వయస్సున, ఆమె అమ్మమ్మకు ఉత్తరము వ్రాసెను. దర్జీలు కూర్చుండి కుట్టు వసారా, తల్లి తన్ను జారనిచ్చి ఆడించిన మిద్దె, విడిచిపోవునాడు తల్లి జుట్టు పీకికొని యేడ్చుట, ఇవన్నియు ఆమెకు జ్ఞాపకముండెను. మూడున్నర యేండ్ల బిడ్డకు ఏమి తెలియునని మన మందుము. ముప్పది యారేండ్లు దాటియు ఆ బిడ్డ మరువలేదు. అమ్మమ్మ పారసీలో జవాబు వ్రాయించెను. ఆరు సంవత్సరములు ఉత్తరములు నడిచెను. వారు కలిసికొనకయే 1847లో ఆ ముదుసలి మరణించెను. కిట్టీ 1889 మార్చి 2వ తేదీన టార్కీ పట్టణమున చనిపోయెను.

ప్రియులారా, మన సంఘములను చూడుడి. మన మందరము వేరొక యింటి బిడ్డలము. కొందరము తాతల కాలమున ప్రభువునొద్దకు వచ్చితిమి, కొందరము నిన్న మొన్న వచ్చితిమి. ఒక కోడలు బాప్తిస్మము పొందినప్పుడు, అమ్మగారింటికి పోవద్దు, వారి యింట అన్నము ముట్టవద్దు అని చెప్పు అత్తమామలు మనలో లేరా? కుమారుడు విశ్వాసి యైనప్పుడు, బొట్టు పెట్టుకొనిన తల్లిని పెండ్లి పందిట వెనుక వరుసలో కూర్చుండబెట్టిన సంఘపెద్దలు లేరా? అట్టి పెండ్లిని నేనును జరిపించితిని. ఆ తల్లిని ముందుకు పిలువలేదు. ఆమె కొంగుతో కన్నులు తుడుచుకొనుట బల్లయొద్దనుండి చూచితిని. ఈ వృత్తాంతము వ్రాయునప్పుడు ఆ కొంగు నా యెదుట నుండెను.

బాప్తిస్మము పాపమునుండి మనలను వేరుచేయు గురుతు. అది కన్నతల్లి నుండి బిడ్డను కోయు కత్తి కాదు. ప్రభువును అందరికంటె ఎక్కువగా ప్రేమింపవలెను, ఇది నిజము. ఆ ప్రేమ తల్లిని విడుచు నెపము కాకూడదు. తల్లిదండ్రులను సన్మానింపుమను ఆజ్ఞలో, వారు విశ్వాసులైతేనే అను మాట లేదు. మన ప్రభువు సిలువమీద లోకమంతటి భారము మోయుచు, తన తల్లి ఏ యింట నుండవలెనో ఆలోచించెను. ఆయనకంటె భక్తిగలవార మని మనము చెప్పుకొనగలమా?

కిట్టీ క్రైస్తవురాలుగానే యుండెను, అమ్మమ్మ ముసల్మానుగానే యుండెను. ఆ ఉత్తరములు ఎవరి విశ్వాసమును చెడగొట్టలేదు. అవి ఆలస్యముగా వచ్చెను, అంతే. తల్లి బ్రదికియుండగా వచ్చియుండిన ఎంత బాగుండును!

గనుక ఈ నెలలో మీలో ఎవరైనను కన్నవారితో మాట విడిచియుండిన యెడల, లేచి వారి గుమ్మమునకు పొండి. పండుగకు వారిని పిలువుడి. దూరమున నున్నయెడల మాటాడుడి, లేదా ఉత్తరము వ్రాయుడి. పెద్దలారా, వారు గుడికి వచ్చినప్పుడు ముందు చాప వేయుడి.

ప్రార్థన: తల్లి తన బిడ్డను ఆదరించునట్లు మమ్మును ఆదరించు తండ్రీ, నీ నామమున మేము మూసిన తలుపులను క్షమించి, వాటిని తెరచుటకు ధైర్య మిమ్ము. బిడ్డలను దూరమంపి కనిపెట్టుచున్న ప్రతి తల్లిని జ్ఞాపకము చేసికొనుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.