జెండా వెంకయ్యే కాదు, పత్తి వెంకయ్య కూడా మనోడే

ఆగస్టు వస్తే చాలు, మన ఫోన్లన్నీ మూడు రంగులైపోతాయి. వాట్సాప్ డీపీ మారిపోద్ది, బండి హ్యాండిల్‌కి చిన్న జెండా ఎక్కుద్ది. పింగళి వెంకయ్య ఫొటోకి దండేసి, జెండా చేసినాయన అని ఒక్క ముక్క చెప్పి దిగిపోతారు. ఆ ఒక్క ముక్కతో ఆయన్ని సగానికి సగం పోగొట్టుకున్నాం తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. మిగతా సగం కూడా తెలుసుకోండి.

కూచిపూడికి దగ్గర్లో, మొవ్వ మండలంలో భట్లపెనుమర్రు అని ఊరుంది. 1876 ఆగస్టు 2న అక్కడ పుట్టాడు వెంకయ్య. చల్లపల్లిలో, బందరు హిందూ హైస్కూల్లో చదువుకున్నాడు. కుర్రతనంలోనే తెల్లోళ్ల సైన్యంలో చేరి, బోయర్ యుద్ధానికి దక్షిణాఫ్రికా దాకా పోయాడు. గాంధీతో పరిచయం అక్కడే మొదలైంది. పరాయి జెండాకి సెల్యూట్ కొట్టి బతికిన కుర్రాడికి, మనకంటూ ఒక జెండా ఏదీ అన్న ప్రశ్న పుట్టకుండా ఎలా ఉంటది?

యూనిఫాం తీసేశాక ఆయన ఒక్క పని పట్టుకుని కూర్చోలేదు. రైల్వే గార్డుగా చేశాడు. బళ్లారిలో ప్లేగు ఇన్‌స్పెక్టర్‌గా చేశాడు. లాహోర్ వెళ్లి ఆంగ్లో వేదిక్ కాలేజీలో ఉర్దూ, జపాన్ భాష నేర్చుకొచ్చాడు. జనం జపాన్ వెంకయ్య అన్నారు. మునగాల రాజా నాయని వెంకట రంగారావు పిలిస్తే నడిగూడెం వెళ్లి పొలంలో దిగాడు. ఇప్పుడది సూర్యాపేట జిల్లా, అప్పట్లో మన కృష్ణా జిల్లాలోదే. అక్కడ కంబోడియా పత్తి మీద ప్రయోగాలు చేశాడు. జనం పత్తి వెంకయ్య అన్నారు. బందరు జాతీయ కళాశాలలో పిల్లలకి వ్యవసాయం, చరిత్ర చెప్పాడు, కవాతు నేర్పాడు. తర్వాత రాళ్ల చదువు మీద పడ్డాడు. నెల్లూరులో ఏళ్ల తరబడి ఉండి అభ్రకం గురించి శోధించాడు, తల్లిరాయి అని పుస్తకం రాశాడు. వజ్రాల గురించి తెలిసినవాడని డైమండ్ వెంకయ్య అనే పేరు కూడా వచ్చింది.

మన ఊళ్లల్లో ఇన్ని పనులు చేసినోణ్ణి ఏమంటాం? కుదురు లేనోడు అంటాం. ఆయన మాత్రం ప్రతి పనిలోనూ పేరు తెచ్చుకునేంత లోతుకి దిగాడు.

ఇక జెండా సంగతి. దాన్ని ఒక్క రాత్రిలో గీసి పారెయ్యలేదు. 1906లో కలకత్తా కాంగ్రెస్ సభకి వెళ్లొచ్చిన దగ్గర్నుంచీ అదే ధ్యాస. దేశదేశాల జెండాలు చదివి, 1916లో 30 నమూనాలతో ఇంగ్లీషులో ఒక పుస్తకమే అచ్చేశాడు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో కూర్చుంది. అప్పుడు గాంధీ అడిగితే ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం వేసి ఇచ్చాడు. రాట్నం ఆలోచన జలంధర్‌కి చెందిన లాలా హన్స్‌రాజ్‌ది. తెలుపు కూడా ఉండాలన్నది గాంధీ మాట.

ఇప్పుడున్న జెండా మొత్తం వెంకయ్యే గీశాడని ఫార్వర్డులు తిరుగుతుంటాయి. అంత తేలిగ్గా చెప్పేస్తే కుదరదు. 1931లో కాంగ్రెస్ ఎరుపు తీసి కాషాయం పెట్టింది, రంగుల వరస మార్చింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం బదులు అశోక చక్రం పెట్టింది. అంటే ఆ జెండా మీద చాలామంది చెయ్యి పడింది. అయినా దానికి తల్లివేరు బెజవాడలో వెంకయ్య ఇచ్చిన గుడ్డే. ఉన్నది ఉన్నట్టు చెప్పినా ఆయన గొప్ప తగ్గదు.

ఇంతకీ ఆయన ఇంటి సంగతి ఎవరైనా అడిగారా? పామర్రు కరణం గారి అమ్మాయి రుక్మిణమ్మని చేసుకున్నాడు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. భర్త ఊళ్లు తిరుగుతూ, చదువుతూ, పత్తి విత్తనాలూ రాళ్లూ పోగేస్తూ ఉంటే ఇల్లు గడపడం ఎంత కష్టమో మన అమ్మల్ని అడిగితే చెప్తారు. ఆ మనిషి పేరు మీద ఏ సభలోనూ ఒక నిమిషం మాట్లాడరు.

స్వాతంత్ర్యం వచ్చాక జెండా ఎర్రకోట మీదకి ఎక్కింది. వెంకయ్య బెజవాడ చిట్టినగర్‌లో గుడిసెలో ఉన్నాడు. ఆ జాగా కూడా జెండా చేసినందుకు ఇచ్చింది కాదు, ఎప్పుడో సైన్యంలో పనిచేసినందుకు వచ్చింది. కుర్రతనంలో తెల్లోళ్ల దగ్గర చేసిన కొలువే ముసలితనంలో నీడ ఇచ్చింది. జీవితమంతా దేశం కోసం చేసిన పని ఆ నీడ కూడా ఇవ్వలేదు. 1963 జనవరిలో బెజవాడ పెద్దలు కొందరు సన్మానం చేసి, కొంత డబ్బు పోగుచేసి ఇచ్చారు. ఆ జూలై 4నే ఆయన పోయాడు. తన శవం మీద జెండా కప్పి, తర్వాత దాన్ని రావిచెట్టుకి కట్టమని కోరుకున్నాడని చెప్తారు. ఆయన పేరు మీద తపాలా బిళ్ల రావడానికి 2009 దాకా పట్టింది.

విగ్రహాలు పెట్టారు, మంచిదే. కానీ విగ్రహానికి ఏడాదికి రెండు దండలు పడతాయి, అంతే. ఆయన 1916 పుస్తకం, తల్లిరాయి, పత్తి మీద చేసిన పని వివరాలు ఒకచోట చేర్చి, ఫోన్లో ఉచితంగా చదువుకునేలా పెడితే మన కుర్రాళ్లకి పనికొస్తది. అచ్చు పుస్తకం ప్రతి ప్రభుత్వ జూనియర్ కాలేజీ లైబ్రరీలో ఉండాలి. ఇది అడగడానికి ఏ పార్టీ జెండా పట్టుకోనక్కర్లేదు. వచ్చే ఆగస్టు 15న మీ ఊళ్లో మైకు మీ చేతికొస్తే, జైహింద్ అనే ముందు ఈ సంగతి అడగండి. పక్కనే రుక్మిణమ్మ పేరు కూడా చెప్పండి.