రసాయన శబ్దము – నాగార్జునుని చరిత్ర

ఆచార్య నాగార్జునుని గూర్చిన ప్రాచీన కథలలో మందు ప్రసక్తి లేని కథ అరుదు. క్రీ. శ. 2వ శతాబ్ది ప్రాంతమున దక్షిణాపథమున వెలసి మాధ్యమిక దర్శనమునకు మూలపురుషుడైన ఈ మహనీయుని లోకము దార్శనికునిగా కంటె సిద్ధవైద్యునిగానే ఎక్కువగా తలచుకొనినది. ఇందుకు కారణమును ఆయన జీవితమునందు కంటె రసాయనమను మాటయందు వెదకుట మేలు.

ఆయుర్వేదాష్టాంగములలో రసాయనమొకటి. ముదిమిని వారించి ఆయువును పెంచు చికిత్సకు ఆ పేరు. రస శబ్దమునకు తొలుత సారము, ద్రవము అనియే అర్థము. పిమ్మట అది పాదరసమునకు రూఢమైనది. దానితో రసాయనము హీనలోహములను బంగారముగా మార్చు విద్యకును పేరైనది. దేహసిద్ధియు లోహసిద్ధియు ఒక్క మాట క్రిందికి చేరగా, ఆ రెండింటికిని ఒక్క సిద్ధపురుషుడు కావలసివచ్చెను.

5వ శతాబ్ది ఆరంభమున కుమారజీవుడు చీనా భాషలోనికి తెచ్చిన చరిత్ర ప్రకారము నాగార్జునుడు దక్షిణ దేశపు బ్రాహ్మణుడు. యౌవనమున ముగ్గురు మిత్రులతో కలిసి, అదృశ్యులు కాగల మందు కొరకు ఒక మాంత్రికుని ఆశ్రయించెను. యోగమును తెలిపినచో వీరు మరల తన గడప తొక్కరని తలచి అతడు గుళికలు మాత్రమే ఇచ్చెను. గుళికను నూరుచుండగా వాసన పట్టి నాగార్జునుడు అందలి డెబ్బది ద్రవ్యములను పాళ్లతో సహా చెప్పివేసెనట. ఆ విద్యతో నలువురును రాజాంతఃపురమున ప్రవేశించిరి. భటులు గాలిలో కత్తులు త్రిప్పగా మిత్రులు ముగ్గురును హతులైరి. రాజు చెంతనే ఊపిరి బిగబట్టి నిలిచిన నాగార్జునుడు ఒక్కడు బ్రతికెను. కామమే దుఃఖమూలమని గ్రహించి, బయటపడినంతనే సన్న్యసించెను.

క్రీ. శ. 639 ప్రాంతమున హ్యూయన్ త్సాంగ్ దక్షిణ కోసలమునకు వచ్చెను. నేటి రాయపూరు సీమ ఆ దేశములోనిది. అతడు చూచిన రాజధాని మహానదీ తీరమునందలి శ్రీపురము, అనగా నేటి సిర్పూరు అని కొందరి మతము; కన్నింగ్‌హామ్ చాందాను సూచించెను. శాతవాహనుడని పండితులు గుర్తించిన రాజొకడు ఆచార్యుని కొరకు కొండను తొలిపించి ఐదంతస్తుల విహారమును కట్టించుచుండగా ధనము చాలకపోయెననియు, ఆచార్యుడు రాళ్లపై మందుచుక్కలు చిలికి వానిని బంగారము చేసెననియు ఆ యాత్రికుడు వ్రాసెను. సిర్పూరు త్రవ్వకములలో బయల్పడిన విహారములు ఇటుక కట్టడములు, యాత్రికుని కాలమునకు చేరువవి. ఈ కథకు అవి సాక్ష్యము కాజాలవు.

మరణకథ దీనికంటె కఠినమైనది. ఆచార్యుని మందుతో తానును దీర్ఘాయువైన రాజు సింహాసనమును విడువలేదు. విసిగిన కడగొట్టు కుమారుడు తల్లి సలహాపై ఆచార్యుని చేరి శిరస్సును దానమడిగెను. ఆచార్యుడు ఎండిన గడ్డిపోచతో తన కంఠమును ఖండించుకొనెను. ఆ వార్త విని రాజును ప్రాణములు విడిచెను. చావును దాటించు మందు ఇంటిలోని కుమారునికే శత్రువైనదని కథ చెప్పినవారికి బాగుగనే తెలియును.

నాగార్జునుడు తాను వ్రాసిన వ్రాతలో ఈ దివ్యౌషధము ఊసు లేదు. రాజున కుపదేశముగా వ్రాసిన రత్నావళిలో బాటసారులు నీరు త్రాగు తావుల నుంచవలసిన వస్తువులను ఆయన పేర్కొనెను: చెప్పులు, గొడుగులు, ముల్లు తీయు శ్రావణము, సూది, దారము, త్రిఫలములు, నేయి, తేనె, కంటిమందులు, విషహరములు. మందుల యోగములను అచట వ్రాయించి ఉంచవలెనని కూడ చెప్పెను. యోగమును దాచిన మాంత్రికుని కథ ఈయన పేర పుట్టుట వింతయే.

మూలమధ్యమకకారికలలో మరియొక వైద్యశబ్దము కలదు. శూన్యత సమస్త దృష్టులకును విరుగుడు; దానినే ఒక దృష్టిగా పట్టుకొనినవారు అసాధ్యులు, అనగా చికిత్సకు లొంగనివారు. కడుపులోని దోషమును వెడలించి తాను వెడలని విరేచనౌషధముతో చంద్రకీర్తి దీనిని వివరించెను. వైద్యుడు చేతులెత్తివేసిన రోగికి చెల్లిన ఈ మాట తెలుగున గట్టివానికి బిరుదమైనది. అసాధ్యుడని మనము మెచ్చుకొందుము!

క్రీ. శ. 1030 ప్రాంతమున అల్‌బెరూనీ, తనకు నూరేండ్ల ముందు సోమనాథ సమీపమున నాగార్జునుడను రసాయనవేత్త ఉండెనని వ్రాసెను. ఇతడు మాధ్యమికాచార్యుడు కాడనుట స్పష్టము. అయినను లోకము ఇద్దరిని ఉంచుకొనలేదు. రసేంద్రమంగళము వంటి గ్రంథములు ఆ ఒక్క పేరిటనే చెలామణి అయినవి. మన వేమనకును పరుసవేది కథ అంటుకొనుట ఇట్టిదే.

తెలుగున రసాయనమనగా నేడు పొలమున చల్లు ఎరువు, ప్రయోగశాలలోని ద్రవము. ముదిమిని వారించునదను తొలి అర్థము ఆయుర్వేద వైద్యుల నోటనే నిలిచినది. త్రిఫలచూర్ణము మాత్రము పేరు మారక, వెల పెద్దగా లేక, పచారీకొట్టులలో దొరకుచున్నది.