డేవిడ్ ఫాబ్రిసియస్

డేవిడ్ ఫాబ్రిసియస్ (మార్చి 9, 1564 - మే 7, 1617) జర్మనీ వాయవ్య తీరములోని తూర్పు ఫ్రీసియా ప్రాంతానికి చెందిన లూథరన్ మతబోధకుడు, ఖగోళ పరిశీలకుడు. 1596లో తిమింగలం (సీటస్) రాశిలో ఈయన గుర్తించిన ఒక నక్షత్రము తరువాతి కాలములో మీరా అనే పేరుతో ప్రసిద్ధి చెందినది. ఒక క్రమము ప్రకారము వెలుగు హెచ్చుతగ్గులు పొందే నక్షత్రాలను చరతారలు అంటారు. వాటిలో మొట్టమొదట గుర్తింపు పొందినది మీరాయే. అయితే అది చరతార అన్న సంగతి ఫాబ్రిసియస్ బ్రతికి ఉండగా ఎవరికీ తెలియలేదు. దానిని రెండుసార్లు చూచి వివరాలు వ్రాసి ఉంచినవాడు ఆయన. దాని స్వభావాన్ని తెలుసుకున్నవారు తరువాతి తరము వారు.

బాల్యము, విద్య, వృత్తి

ఫాబ్రిసియస్ ఉత్తర సముద్రానికి సమీపములోని ఎసెన్స్ పట్టణములో జన్మించాడు. ఇటలీలో గెలీలియో జన్మించినది కూడా అదే సంవత్సరములో. ఫాబ్రిసియస్ అనేది లాటిన్ రూపములోని పేరు. తమ పేర్లను లాటిన్‌లోకి మార్చుకొనడము ఆనాటి ఐరోపా పండితులలో వాడుక. బ్రౌన్‌ష్వైగ్ నగరములో హెన్రిక్ లాంపాడియస్ వద్ద ఆయన గణితము, ఖగోళశాస్త్రము నేర్చుకొన్నాడు. తరువాత హెల్మ్‌స్టెట్ విశ్వవిద్యాలయములో చదివాడు.

1584లో, ఇరవై ఏళ్ళ వయసులో, డోర్నుమ్ దగ్గరి రెస్టర్‌హాఫె గ్రామములో చర్చి బోధకునిగా నియమితుడైనాడు. 1603లో ఓస్టేల్ గ్రామానికి మారి చివరి వరకు అక్కడే పనిచేశాడు. ఖగోళశాస్త్రము ఆయనకు జీవనోపాధి కాదు. రాజాశ్రయము గాని, వేధశాల గాని ఆయనకు లేవు. చర్చి విధులు ముగిసిన తరువాత, కోణాలను కొలిచే సాధనాలతో కంటితోనే ఆకాశాన్ని పరిశీలించేవాడు. అనేక సంవత్సరాలు వాతావరణ వివరాలను దినచర్య పుస్తకములో వ్రాసి పెట్టాడు. 1589లో తూర్పు ఫ్రీసియా పటాన్ని తయారుచేశాడు. చూచినదానిని తేదీతో సహా వెంటనే వ్రాసి ఉంచే ఈ అలవాటే ఆయన ప్రసిద్ధికి మూలమైనది.

1596 నాటి పరిశీలన

1596 ఆగష్టు 3వ తేదీన (నేటి కాలెండరు ప్రకారము ఆగష్టు 13న) ఫాబ్రిసియస్ తెల్లవారుజామున ఒక గ్రహాన్ని పరిశీలిస్తున్నాడు. దానిని ఆయన బుధుడనుకొన్నాడు గాని అది గురుగ్రహమని తరువాతివారు నిర్ణయించారు. గ్రహస్థానాన్ని తెలుసుకోవాలంటే దగ్గరలోని ఒక నక్షత్రము నుండి దానికి గల కోణదూరాన్ని కొలవాలి. అందుకు ఆయన ఎంచుకొన్న మూడవ తరగతి నక్షత్రము అప్పటి నక్షత్ర పట్టికలలో ఎక్కడా కనిపించలేదు. (వెలుగును బట్టి నక్షత్రాలను తరగతులుగా విభజిస్తారు. మొదటి తరగతివి మిక్కిలి ప్రకాశవంతమైనవి, కంటికి కనిపించే వాటిలో ఆరవ తరగతివి మిక్కిలి మసకైనవి.) ఆ నెల మూడవ వారానికి అది రెండవ తరగతికి పెరిగినది. తరువాత క్రమముగా క్షీణించి అక్టోబరులో కంటికి కనిపించకుండా పోయినది.

1572లో కాసియోపియా రాశిలో ఒక కొత్త నక్షత్రము ప్రకాశించి, 1574 నాటికి పూర్తిగా మాయమైనది. నక్షత్ర మండలములో ఏ మార్పూ ఉండదన్న అరిస్టాటిల్ సిద్ధాంతాన్ని అది కదిలించినది. అందుచేత 1596 నాటికి, కొత్తగా కనిపించి మాయమయ్యే తారలు కూడా ఉంటాయని పండితులు ఒప్పుకొనడము మొదలైనది. ఫాబ్రిసియస్ తాను చూచినదానిని ఆ కోవకే చేర్చాడు. మాయమైనది మళ్ళీ రావచ్చునన్న ఊహకు ఆధారము అప్పటికి లేదు. అందుచేత దాని కొరకు ఎదురుచూడవలసిన అవసరము ఆయనకు కనిపించలేదు.

1603లో వెలువడిన యోహాన్ బేయర్ నక్షత్ర పటములో ఇదే నక్షత్రము ఒమిక్రాన్ అనే గ్రీకు అక్షరముతో చోటు చేసుకొన్నది. ఫాబ్రిసియస్ చూచినది, బేయర్ పటములో ఉన్నది ఒకటేనని ఆ కాలములో ఎవరూ గమనించలేదు.

రెండవ దర్శనము

1609 ఫిబ్రవరిలో ఫాబ్రిసియస్ ఆ నక్షత్రాన్ని అదే చోట మళ్ళీ చూచాడు. ఈ మధ్య పన్నెండున్నర సంవత్సరాలలో అది పదమూడు సార్లకు పైగా పెరిగి తరిగినదని నేడు లెక్క వేయవచ్చును. ఇన్నిసార్లు తప్పిపోవడానికి సహజమైన కారణము ఉన్నది. మీరా ఆవృత్తి కాలము సుమారు 332 రోజులు, అనగా సంవత్సరము కన్న ఒక నెల తక్కువ. కాబట్టి దాని గరిష్ఠ ప్రకాశము ఏటా ఒక నెల ముందుకు జరుగుతుంది. వసంత కాలములో సూర్యుడు ఆ దిక్కునకు సమీపిస్తాడు గనుక, గరిష్ఠము ఆ నెలలలో పడిన సంవత్సరాలలో అది సూర్యకాంతిలో కలిసిపోతుంది. పైగా ఒక్కొక్క ఆవృత్తిలో అది కంటికి కనిపించేది కొన్ని నెలలు మాత్రమే. రెండవసారి చూచిన తరువాత కూడా ఫాబ్రిసియస్ దాని రాకపోకలకు క్రమము ఉన్నదేమోనని వెదకలేదు.

టైకో బ్రాహి, కెప్లర్‌లతో సంబంధము

ఫాబ్రిసియస్ 1598లో హాంబర్గు సమీపములోని వాండ్స్‌బెక్‌లోను, 1601లో ప్రాగ్ నగరములోను టైకో బ్రాహిని కలుసుకొన్నాడు. 1601లో టైకో మరణించిన తరువాత యోహాన్ కెప్లర్‌తో దీర్ఘమైన ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపాడు. 1604లో కనిపించిన సూపర్నోవాను కూడా పరిశీలించాడు. టైకో తరువాత అంతటి పరిశీలకుడు ఫాబ్రిసియస్ అని కెప్లర్ భావించాడు.

అంగారకుని కక్ష్య కొరకు కెప్లర్ శ్రమిస్తున్న రోజులలో మొదట కోడిగ్రుడ్డు ఆకారపు కక్ష్యను ఊహించాడు. దాని ప్రకారము వచ్చే దూరాలు కొన్ని చోట్ల వాస్తవము కన్న తక్కువగా ఉన్నాయని ఫాబ్రిసియస్ తెలియజేశాడు. ఈ విషయాన్ని కెప్లర్ 1609లో ప్రచురించిన ఆస్ట్రోనోమియా నోవా గ్రంథములో ఒప్పుకొన్నాడు. 1605లో కక్ష్య దీర్ఘవృత్తమని కెప్లర్ వ్రాసినప్పుడు మాత్రము ఫాబ్రిసియస్ అంగీకరించలేదు. ఆకాశములోని చలనాలు వృత్తాకారములోనే ఉండాలన్న పాత నమ్మకాన్ని ఆయన విడువలేకపోయాడు. కొలతలలో తప్పు పట్టగలిగినవాడు, ఆ కొలతలు చూపిన కొత్త ఆకారాన్ని స్వీకరించలేదు. మీరా విషయములో జరిగినది కూడా ఇటువంటిదే. కాలక్రమాన వారి ఉత్తరాలు ఆగిపోయినవి.

కుమారుడు, సూర్యుని మచ్చలు

ఫాబ్రిసియస్ కుమారుడు యోహానెస్ (జననం: 1587) లైడెన్ విశ్వవిద్యాలయములో చదివి, అప్పటికి కొత్తదైన దూరదర్శినిని ఇంటికి తెచ్చాడు. 1611లో తండ్రీకొడుకులు కలిసి సూర్యుని మీది మచ్చలను పరిశీలించారు. నేరుగా చూచుట కంటికి ప్రమాదము గనుక, తరువాత చీకటి గదిలోకి చిన్న రంధ్రము గుండా సూర్యబింబాన్ని ప్రసరింపజేసి చూచారు. ఆ ఏడాదే యోహానెస్ విటెన్‌బర్గ్‌లో ప్రచురించిన చిన్న పుస్తకము సూర్యుని మచ్చలపై అచ్చయిన మొదటి రచన. మచ్చల కదలికను బట్టి సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతున్నాడని అందులో సూచించాడు. ఈ పుస్తకము ఎక్కువమంది దృష్టికి రాలేదు. యోహానెస్ చిన్న వయసులోనే, తండ్రి కన్న ముందే మరణించాడు.

మరణము

పెద్దబాతును దొంగిలించాడని ఒక రైతును ఫాబ్రిసియస్ చర్చి ప్రసంగములో నిందించాడు. ఆగ్రహించిన ఆ రైతు 1617 మే 7న పార పెట్టి తలపై కొట్టగా ఆయన మరణించాడు. అప్పటికి ఆయన వయసు 53 సంవత్సరాలు.

మీరా రహస్యము వెల్లడి

1638లో నెదర్లాండ్స్‌కు చెందిన యోహానెస్ హోల్వార్డా ఈ నక్షత్రాన్ని మళ్ళీ చూచాడు. అది మాయమైన తరువాత కూడా పరిశీలన మానక, తిరిగి రావడాన్ని గమనించాడు. 1662లో హెవీలియస్ దీని చరిత్రను ప్రచురించి మీరా అనే పేరును స్థిరపరిచాడు. లాటిన్‌లో ఆ మాటకు ఆశ్చర్యకరమైనది అని అర్థము. 1667లో ఇస్మాయెల్ బూలియో ఆవృత్తి కాలము 333 రోజులని లెక్కకట్టాడు. నేటి విలువకు ఇది ఎంతో దగ్గర.

నేడు తెలిసినంతవరకు మీరా సుమారు 300 కాంతి సంవత్సరాల దూరములోని అరుణ మహాతార. అనగా సూర్యుని వంటి నక్షత్రము తన జీవితపు చివరి దశలో కొన్ని వందల రెట్లు ఉబ్బి ఎర్రబడిన స్థితి. అది వ్యాకోచ సంకోచాలు పొందుతూ ఉంటుంది. చల్లబడినప్పుడు దాని వెలుపలి పొరలలో ఏర్పడే టైటానియం ఆక్సైడ్ వంటి అణువులు కంటికి కనిపించే కాంతిని అడ్డుకొంటాయి. అందుచేత వెలుగు సుమారు రెండవ తరగతి నుండి తొమ్మిది, పది తరగతుల వరకు పడిపోతుంది. ఇటువంటి నక్షత్రాలను మీరా తరగతి చరతారలు అంటారు. 1867లో మద్రాసు నక్షత్రశాలలో చింతామణి రఘునాథాచారి గుర్తించిన ఆర్ రెటిక్యులై కూడా ఈ తరగతికి చెందినదే.

మీరా ఒంటరి నక్షత్రము కాదు, జంట తార. వర్ణపటములోని విశేషాలను బట్టి ఆల్‌ఫ్రెడ్ జాయ్ దీనికి తోడుతార ఉన్నదని అనుమానించగా, 1923లో రాబర్ట్ ఐట్కెన్ దానిని దూరదర్శినితో చూచాడు. 2010లో ప్రచురితమైన పరిశీలనలు ఆ తోడుతార శ్వేత కుబ్జమనే (మిక్కిలి సాంద్రమైన, చిన్న మృతతార అనే) అభిప్రాయాన్ని బలపరచినవి. అరుణ మహాతార వెదజల్లే వాయువులో కొంత భాగాన్ని అది తనవైపు లాగుకొంటున్నది. ఈ రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి రావడానికి సుమారు 500 సంవత్సరాలు పడుతుందని అంచనా. అనగా ఫాబ్రిసియస్ చూచిన నాటి నుండి అవి ఇంకా ఒక్క ప్రదక్షిణమైనా పూర్తి చేయలేదు. మీరా వెనుక 13 కాంతి సంవత్సరాల పొడవున వాయువుల తోక ఉన్నట్లు 2007లో గాలెక్స్ ఉపగ్రహము చూపినది.

స్మారక చిహ్నాలు

ఓస్టేల్ చర్చి ఆవరణలో 1895లో ఫాబ్రిసియస్ స్మారక చిహ్నము నెలకొల్పారు. చంద్రునిపై సుమారు 78 కిలోమీటర్ల వ్యాసము గల ఒక బిలానికి ఆయన పేరు పెట్టారు.